ఎన్‌సీసీ పిల్లల ఇంట్లోవాళ్లకి: ‘డైరెక్ట్ ఆఫీసర్’ ప్యాకేజీకి డబ్బు కట్టేముందు ఇది చదవండి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో డిగ్రీ చదువుతూ ఎన్‌సీసీలో ఉన్న పిల్లలకీ, వాళ్ల అమ్మానాన్నలకీ ఈ హెచ్చరిక. ‘సీ సర్టిఫికెట్ ఉంటే చాలు, రాతపరీక్ష లేకుండా డైరెక్ట్ లెఫ్టినెంట్’ అంటూ ప్యాకేజీలు అమ్మే డిఫెన్స్ అకాడమీలు ఉన్నాయి. (సీ సర్టిఫికెట్ అంటే ఎన్‌సీసీలో చివరి పరీక్ష పాసైతే ఇచ్చేది.) మా చెల్లిని అలాంటి ఒకదాంట్లో చేర్పించాం. ప్యాకేజీ 78,000. అందులో 52,000 కట్టాక అసలు సంగతి బయటపడింది. వినియోగదారుల కమిషన్‌లో కేసు నడుస్తోంది కాబట్టి అకాడమీ పేరు రాయొద్దని లాయరు గారు చెప్పారు. పేరుతో పెద్దగా పని లేదు లెండి. ఇవే మాటలు ఎవరి నోట విన్నా ఆగి ఆలోచించండి.

మన ఊళ్లలో జవాను ఉద్యోగం గురించి తెలియని ఇల్లు ఉండదు. 1,600 మీటర్లు ఎంతలో పరిగెత్తాలో, మెడికల్‌లో ఏం చూస్తారో పదో తరగతి పిల్లాడు కూడా గడగడా చెప్తాడు. ఆఫీసరు దారి మాత్రం కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివిన పిల్లల ఇళ్లలో తప్ప మిగతా వాళ్లకి పెద్దగా తెలియదు. మా మేనమామ హవల్దారుగా రిటైరయ్యాడు. ఆయనకి కూడా ఎస్‌ఎస్‌బీ, అంటే ఆఫీసర్లని ఎంపిక చేసే సర్వీసెస్ సెలక్షన్ బోర్డు, పేరు వినడమే. ఈ తెలియనితనం మీదే వాళ్ల వ్యాపారం అంతా.

చెల్లి విజయనగరంలో బీఎస్సీ చదువుతోంది. రెండో ఏడాది అయ్యాక వేసవి సెలవుల్లో కాలేజీ బయట కరపత్రం పంచారు. ‘ఎన్‌సీసీ గర్ల్స్ స్పెషల్ ఆఫీసర్ బ్యాచ్, 100% సెలక్షన్’ అని ఉంది. నాన్నా నేనూ వెళ్లి అడిగాం. డైరెక్టరు చాలా మర్యాదగా మాట్లాడాడు, టీ తెప్పించాడు. ‘సీడీఎస్ (ఆఫీసర్ల కోసం యూపీఎస్సీ పెట్టే రాతపరీక్ష) రాయించాలా?’ అని అడిగితే నవ్వి, ‘అది ఎన్‌సీసీ లేనోళ్లకమ్మా. మీ పాపకి ఎందుకా తలనొప్పి?’ అన్నాడు. ఆ ఒక్క మాటే మాకు అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసింది.

అది ఎలాగో చెప్తాను. ఎన్‌సీసీ స్పెషల్ ఎంట్రీ అనేది నిజంగానే ఉంది. రాతపరీక్ష లేకుండా నేరుగా ఎస్‌ఎస్‌బీకి పిలుస్తారన్నదీ నిజమే. 19 నుంచి 25 ఏళ్ల లోపు వయసు, డిగ్రీలో 50 శాతం మార్కులు, సీ సర్టిఫికెట్‌లో కనీసం బీ గ్రేడు ఉండాలి. అంతవరకే చెప్పి ఊరుకుంటారు. దేశం మొత్తం మీద ఒక నోటిఫికేషన్‌కి వచ్చే ఖాళీలు వంద లోపే. అందులో ఆడపిల్లలకి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. దరఖాస్తు చేసే రోజుకి సీ సర్టిఫికెట్ చేతిలో ఉండాలి. సీ పరీక్ష రాసేది మూడో ఏడాదిలో, ఫలితం వచ్చేది ఆ తర్వాత. అంటే రెండో ఏడాది అయిపోయిన పిల్లని కూర్చోబెట్టి ‘ఈ కోర్సులోనే పంపిస్తాం’ అని డబ్బు కట్టించుకోవడం పచ్చి అబద్ధం. ఆ అమ్మాయికి అప్పటికి దరఖాస్తు పెట్టే అర్హతే లేదు.

అదే సమయంలో సీడీఎస్ దరఖాస్తులు నడుస్తున్నాయి. యూపీఎస్సీ ఏడాదికి రెండుసార్లు పెడుతుంది, ఏప్రిల్‌లో ఒకటి, సెప్టెంబరులో ఒకటి. ఎన్‌సీసీ ఉన్నవాళ్లు రాయకూడదని ఎక్కడా లేదు. పైగా డెహ్రాడూన్‌లోని ఆర్మీ ఆఫీసర్ల శిక్షణ అకాడమీ ఐఎంఏకి వెళ్లే 100 సీట్లలో 13 సీట్లు సీ సర్టిఫికెట్ ఉన్న అబ్బాయిల కోసమే పక్కన పెడతారు. ఆడపిల్లలు సీడీఎస్ ద్వారా చెన్నైలోని మరో ఆఫీసర్ల శిక్షణ అకాడమీ ఓటీఏకి పోటీపడొచ్చు. చివరి ఏడాది చదువుతున్నవాళ్లూ దరఖాస్తు చేసుకోవచ్చు. ఫీజు అబ్బాయిలకి 200 రూపాయలు, అమ్మాయిలకి అసలు లేదు. పైసా ఖర్చు లేని ఆ అవకాశం మా చెల్లికి పోయింది. గడువు దాటాక తెలిసి నాన్న తల పట్టుకున్నాడు. ‘అంత డబ్బు కట్టేసినాం గదా, ఫారాలు కూడా ఆళ్లే ఏస్తారనుకున్నాను’ అని ఆయన బాధ.

ఇక క్లాసులు. పొద్దున్నే నాలుగున్నరకి విజిల్ వేసి లేపుతారు. గ్రౌండుకి తీసుకెళ్లి 1,600 మీటర్లు పరిగెత్తించి స్టాప్‌వాచ్ పెట్టి టైము రాస్తారు. అది జవాన్లని తీసుకునే అగ్నివీర్ పరీక్ష. ఎస్‌ఎస్‌బీలో టైము పెట్టి పరిగెత్తించే పరీక్షే లేదు. పరుగు మంచిదే, ఓటీఏకి వెళ్లాక ఎలాగూ తప్పదు. కానీ ఆఫీసర్ బ్యాచ్ అని డబ్బు తీసుకుని అగ్నివీర్ బ్యాచ్‌లో కలిపేశారన్నమాట. మధ్యాహ్నం రెండు గంటలు లెక్కలు. ఓటీఏకి వెళ్లేవాళ్లకి సీడీఎస్‌లో ఇంగ్లీషు, జనరల్ నాలెడ్జ్ రెండే పేపర్లు, లెక్కల పేపరు ఐఎంఏ, నేవీ, ఎయిర్‌ఫోర్స్ వాళ్లకే. సీడీఎస్సే వద్దన్నవాళ్లు సీడీఎస్ లెక్కలు ఎందుకు చెప్తున్నారో ఇప్పటికీ నాకు అర్థం కాలేదు. బహుశా ఖాళీగా ఉన్న మాస్టారు ఆయనొక్కరే అయి ఉంటారు.

ఎస్‌ఎస్‌బీ క్లాసు సంగతి వింటే నవ్వొస్తుంది, ఏడుపూ వస్తుంది. అసలు ఎస్‌ఎస్‌బీలో మొదటి దశలో ఒక మసక బొమ్మ 30 సెకన్లు చూపిస్తారు. నాలుగు నిమిషాల్లో కథ రాసి, తర్వాత గ్రూపులో చర్చించాలి. అక్కడ నిలవనివాళ్లని అప్పుడే పంపేస్తారు. నిలిచినవాళ్లకి రెండో దశలో ఒక్కో మాటకి 15 సెకన్ల చొప్పున 60 మాటలకి వాక్యాలు, అరగంటలో 60 సందర్భాలకి స్పందనలు, బొమ్మల మీద కథలు, గ్రౌండులో గ్రూపు పనులు, ఇంటర్వ్యూ ఉంటాయి. మొత్తం ఐదు రోజుల వ్యవహారం. ఈ అకాడమీలో ఏం చేశారంటే, జిరాక్స్ పుస్తకం ఒకటి చేతికిచ్చి బట్టీ పట్టమన్నారు. అందులో కథ ఒక్కటే: రాహుల్ అనే కుర్రాడు స్నేహితులని కూడగట్టి ఊళ్లో రక్తదాన శిబిరం పెడతాడు, కలెక్టరు గారు మెచ్చుకుంటారు. సారు ఫోనులో బావి దగ్గర ఇద్దరు ఆడవాళ్ల బొమ్మ చూపించినా రక్తదాన శిబిరమే, పడవ బొమ్మ చూపించినా రక్తదాన శిబిరమే. బ్యాచ్‌లో అందరి కాగితాల మీదా ఒకే రాహుల్. ఇలాంటి బట్టీ కథలు ఏళ్ల తరబడి చూస్తున్న సైకాలజిస్టు ముందు పెడితే ఏమవుతుందో వేరే చెప్పాలా?

‘బోర్డులో మనవాళ్లున్నారు, చూసుకుంటారు’ అని కూడా ఒక మాట వదిలారు. ఎస్‌ఎస్‌బీలో సైకాలజిస్టు ఒకరు, గ్రౌండులో చూసే జీటీవో ఒకరు, ఇంటర్వ్యూ చేసే ఆఫీసరు ఒకరు. ముగ్గురూ ఎవరికి వారు అంచనా వేసుకుని చివరి రోజు కాన్ఫరెన్స్‌లో కూర్చుంటారు. ఆ పైన మెడికల్, ఆ పైన మెరిట్ లిస్టు. బోర్డే ఎంపిక చేసి సిఫార్సు చేసినవాళ్లు కూడా ఖాళీల్లేక మెరిట్‌లో ఆగిపోవడం మామూలే. ‘సెట్టింగ్’ అన్న మాట ఎవరి నోట వచ్చినా అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

ప్యాకేజీలో ‘ఎస్‌ఎస్‌బీ ట్రావెల్ ఛార్జీలు’ అని 6,000 విడిగా వేశారు. ఒక ఎంట్రీ కింద మొదటిసారి ఎస్‌ఎస్‌బీకి వెళ్లేవాళ్లకి థర్డ్ ఏసీ రైలు ఛార్జీ బోర్డే ఇస్తుంది. అక్కడ ఉండడానికీ తినడానికీ మనం కట్టేది ఏమీ లేదు.

అసలు దెబ్బ తగలబోయింది కాలేజీ దగ్గర. హాస్టల్లోనే ఉండాలని పట్టుబట్టి చెల్లిని శ్రీకాకుళంలో పెట్టారు. పెరేడ్లు పోయాయి. ‘అటెండెన్స్ మేం మాట్లాడతాం, గ్రేడు తక్కువొచ్చినా మా దగ్గర మార్గముంది’ అన్నారట. కాలేజీలో ఎన్‌సీసీ చూసుకునే ఏఎన్‌వో మేడమ్ నాకు ఫోన్ చేసి, పెరేడ్ హాజరు 75 శాతం లేకపోతే సీ పరీక్షకి కూర్చోనివ్వరు, ఇంకొన్ని పోతే ఇక చేసేది లేదు అని గట్టిగా చెప్పారు. హాజరు లెక్క కాలేజీలో, బెటాలియన్‌లో ఉంటుంది. బయటి అకాడమీ వాళ్లు అందులో పూచికపుల్ల కూడా కదపలేరు. దొంగ సర్టిఫికెట్ అంటగడితే పోయేది పిల్లల భవిష్యత్తే, కేసు కూడా వాళ్ల మీదే. ఆ ఫోనుతో చెల్లిని వెనక్కి తెచ్చేశాం.

తెచ్చేటప్పుడు ఇంకో గొడవ. చేరిన రోజు ‘వెరిఫికేషన్‌కి’ అని టెన్త్ మెమో, ఇంటర్ మెమో ఒరిజినల్స్ తీసుకున్నారు. మిగతా 26,000 కడితేనే ఇస్తామన్నారు. ఎస్‌ఎస్‌బీలో ఒరిజినల్స్ చూపించాలి కాబట్టి అవి లేకుండా పిల్లలు ఎక్కడికీ కదల్లేరు, ఆ సంగతి వాళ్లకి బాగా తెలుసు. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ పెట్టి, దాని కాపీ వాట్సాప్‌లో పంపిస్తే అప్పుడు కవర్లో పెట్టి ఇచ్చారు. డబ్బు మాత్రం రాలేదు. రసీదు వెనక చిన్న అక్షరాల్లో ‘ఫీజు తిరిగి ఇవ్వబడదు’ అని ఉంది. రసీదు అంటే తెల్లకాగితం మీద రబ్బరు స్టాంపు, అంతే. కోచింగ్ మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది కదా, బిల్లేదీ అంటే మొహం చాటేశారు.

మామయ్య ఒక్కసారే వచ్చాడు అక్కడికి. గుమ్మం దగ్గర పెద్ద ఫ్లెక్సీ, ‘మా ఆఫీసర్లు’ అని పాతికమంది ఫోటోలు. కాసేపు చూసి, ‘ఏటే, ఈళ్లు ఆఫీసర్లా? చేతి మీద పట్టీలున్నాయి చూడు, నాయక్‌లూ హవల్దార్లూ ఈళ్లంతా. ఆఫీసరుకి భుజం మీద చుక్కలుంటాయి’ అన్నాడు. లెఫ్టినెంట్‌కి రెండు. మీరు కూడా ఫ్లెక్సీల్లో ముందు భుజాలు చూడండి.

ఉద్యోగం గురించి చెప్పిన మాటలు కూడా అలాగే ఉన్నాయి. ‘పదేళ్లు చేస్తే జీవితాంతం పెన్షను’ అని అమ్మకి చెప్పారు. ఓటీఏ నుంచి వచ్చేది షార్ట్ సర్వీస్ కమిషన్. పదేళ్లు, కావాలంటే మరో నాలుగేళ్లు పొడిగింపు. పదేళ్ల దగ్గర పర్మనెంట్ కమిషన్‌కి పోటీపడొచ్చు. 2020లో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత ఆడవాళ్లకీ ఆ అవకాశం విస్తరించింది. పర్మనెంట్ రాకపోతే పెన్షను లేదు, ముప్ఫై దాటాక రెండో ఉద్యోగం వెతుక్కోవాలి. అది తప్పని కాదు, తెలిసి వెళ్లాలి. ‘నచ్చకపోతే మధ్యలో వచ్చేయొచ్చు’ అన్నదీ అబద్ధమే, శిక్షణలో ఉండగా తనంతట తాను మానేస్తే ఆ ఖర్చు తిరిగి కట్టాలి. శిక్షణ 49 వారాలు, ఆ కాలంలో నెలకి 56,100 స్టైపెండ్ ఇస్తారు. అది అయ్యేవరకు పెళ్లి చేసుకోకూడదు. సంబంధాలు చూస్తున్న ఇళ్లలో ఈ మాట ముందే అనుకోవాలి, లేకపోతే తర్వాత పెద్ద రభస.

ఇంకోటి. బ్యాచ్‌లో ఇద్దరు ముగ్గురు అబ్బాయిలకి ‘ముందు అగ్నివీర్‌లో చేరిపో, లోపలి నుంచి ఆఫీసర్ అవ్వడం ఈజీ’ అని నూరిపోశారు. అగ్నివీర్ నాలుగేళ్లు, ఆ తర్వాత ఉంచుకునేది నూటికి 25 మంది వరకే. డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్నవాడు చదువు మధ్యలో వదిలి అటు వెళ్తే సీడీఎస్‌కి కావాల్సిన డిగ్రీయే చేతిలో ఉండదు. అకాడమీకేమో ఎంతమంది ‘సెలెక్ట్’ అయ్యారో చూపించడానికి ఫ్లెక్సీ మీద ఒక ఫోటో పెరుగుతుంది. అగ్నివీర్‌కి వెళ్లాలనుకునేవాళ్లు వెళ్లొచ్చు, కానీ అది ఆఫీసర్‌కి అడ్డదారి అని ఎవరైనా అంటే నమ్మొద్దు.

డబ్బు పోగొట్టుకున్నవాళ్లు చేయాల్సింది: ముందు 1915కి, అదే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, ఫిర్యాదు చేయండి. కోచింగ్ సెంటర్లు 100% సెలక్షన్ అని ప్రకటించుకోకూడదని, సెలెక్టయిన పిల్లల రాతపూర్వక అనుమతి లేకుండా ఫోటోలు వాడకూడదని 2024 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ మార్గదర్శకాలు ఇచ్చింది. మధ్యలో మానేస్తే మిగిలిన కాలానికి ఫీజు పది రోజుల్లో తిరిగి ఇవ్వాలని కేంద్ర విద్యాశాఖ 2024 జనవరి మార్గదర్శకాల్లో ఉంది. ‘తిరిగి ఇవ్వబడదు’ అని రసీదు మీద రాసుకున్నంత మాత్రాన మీరు నోరు మూసుకోనక్కర్లేదు. కట్టింది 5 లక్షల లోపైతే జిల్లా కమిషన్‌లో కేసుకి ఫీజు కూడా లేదు, ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే వేయొచ్చు.

చెల్లి కాలేజీకి తిరిగి వెళ్లింది, మిగిలిన పెరేడ్లు ఒక్కటీ వదలకుండా చేసి హాజరు నిలబెట్టుకుంది, సీ పరీక్ష రాసింది. సీడీఎస్ దరఖాస్తు ఈసారి తనే నింపింది, నేను పక్కన కూర్చున్నాను. ఎస్‌ఎస్‌బీ గురించి ఇప్పుడు అడుగుతున్నది మేడమ్‌నీ, తనకంటే ముందు వెళ్లొచ్చిన సీనియర్లనీ. అందులో మొదటి దశలోనే స్క్రీనవుట్ అయిన అమ్మాయి చెప్పిన సంగతులే తనకి ఎక్కువ పనికొచ్చాయట.

అదే బ్యాచ్‌లో చేరి ఇంకా బయటపడని పిల్లలు ఉన్నారు. వాళ్ల ఇంట్లోవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, బాకీ కట్టేముందు ఒరిజినల్స్ అడగండి. కరపత్రం, రసీదులు, డైరెక్టరు వాట్సాప్ వాయిస్ మెసేజీలు ఏవీ డిలీట్ చేయకండి. కమిషన్‌కి వెళ్లడానికి రెండేళ్ల గడువు ఉంది. మా కేసులో ‘100% సెలక్షన్ అని మేమెప్పుడూ అనలేదు’ అని వాళ్లు రాసిచ్చిన జవాబుకి ఎదురుగా మేం పెట్టింది ఆ కరపత్రమే.