ఫ్లాస్క్‌తో వెబ్ మొదలుపెట్టొచ్చా?

పైథాన్ కాస్త వచ్చు, వెబ్‌సైట్ లోపల ఏం జరుగుతుందో తెలుసుకోవాలి అనుకునేవాళ్లు ఎవరడిగినా నేను ఫ్లాస్క్ పేరే చెప్తాను. 2010లో ఆర్మిన్ రోనాకర్ మొదలుపెట్టిన ఈ పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్‌లో (అంటే వెబ్‌సైట్ కట్టడానికి కావాల్సిన రెడీమేడ్ కోడ్) డేటాబేస్ లేదు, లాగిన్ లేదు, అడ్మిన్ పేజీ లేదు. జాంగో అనే ఇంకో పైథాన్ ఫ్రేమ్‌వర్క్‌లో ఇవన్నీ ముందే ఉంటాయి గానీ, కొత్తవాళ్లకి ఏ ఫైలు ఎందుకుందో అర్థమయ్యేసరికే ఓపిక అయిపోతుంది. ఫ్లాస్క్‌లో ఒక్క ఫైలు, ఐదారు లైన్లు చాలు. ఫంక్షన్ పైన రూట్ డెకరేటర్ (ఏ అడ్రస్‌కి ఆ ఫంక్షన్ నడవాలో చెప్పే లైను) పెడతాం, ఆ అడ్రస్ బ్రౌజర్‌లో కొడితే ఆ ఫంక్షన్ నడుస్తుంది, అది రిటర్న్ చేసిందే పేజీలో కనిపిస్తుంది.

వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (ఈ ప్రాజెక్టు లైబ్రరీలకే విడిగా ఉండే ఫోల్డర్) పెట్టుకుని పిప్‌తో ఇన్‌స్టాల్ చేసుకోండి. మీ ఫైలుకి మాత్రం ఫ్లాస్క్ అని పేరు పెట్టొద్దు, ఇంపోర్ట్ చేసినప్పుడు లైబ్రరీకి బదులు మీ ఫైలే వచ్చి కూర్చుంటుంది. రన్ చేసేటప్పుడు డీబగ్ ఆన్‌లో ఉంచితే, కోడ్ సేవ్ చేయగానే సర్వర్ దానంతటదే రీస్టార్ట్ అవుతుంది, ఎర్రర్ ఏ లైన్‌లో ఉందో బ్రౌజర్‌లోనే చూపిస్తుంది. మ్యాక్‌లో ఫ్లాస్క్ మామూలుగా వాడే 5000 పోర్ట్ ఖాళీ లేదంటే టెన్షన్ పడకండి, చాలాసార్లు దాన్ని ఎయిర్‌ప్లే రిసీవర్ పట్టుకుని ఉంటుంది, వేరే పోర్ట్ ఇస్తే సరి.

నాకు బాగా నచ్చింది ఫ్లాస్క్‌తోపాటే వచ్చే జింజా, అంటే హెచ్‌టీఎంఎల్ టెంప్లేట్‌లో మన డేటా నింపి పేజీ తయారుచేసే లైబ్రరీ. ఎవరైనా ఫారంలో పేరుకి బదులు స్క్రిప్ట్ ట్యాగ్ రాసి పంపినా, హెచ్‌టీఎంఎల్ టెంప్లేట్‌లో అది ఉత్త అక్షరాలుగానే కనిపిస్తుంది తప్ప నడవదు. టెంప్లేట్ మానేసి స్ట్రింగులు అతికించి పేజీ పంపితే మాత్రం ఈ రక్షణ ఉండదు, అందుకే మొదటి నుంచీ టెంప్లేట్లే వాడండి.

చిరాకు పెట్టేది యాప్ పెరిగాక. ఒక ఫైలు రెండోదాన్ని, రెండోది మొదటిదాన్ని ఇంపోర్ట్ చేసుకుని సర్క్యులర్ ఇంపోర్ట్ ఎర్రర్ వస్తుంది. దీనికి మందు బ్లూప్రింట్లు (రూట్లని గుంపులుగా వేరే ఫైళ్లలో పెట్టుకునే పద్ధతి), యాప్ ఫ్యాక్టరీ (యాప్‌ని తయారుచేసి ఇచ్చే ఫంక్షన్). అధికారిక ట్యుటోరియల్‌లో రెండూ ఉన్నాయి, మూడు రూట్లు దాటకముందే అది చదివేయండి. సెషన్ (ఒక యూజర్ గురించి పేజీ పేజీకీ గుర్తుంచుకునే డేటా) గురించి కూడా ఒక మాట: డిఫాల్ట్‌గా ఆ డేటా కుకీలోనే ఉంటుంది, దాని మీద సంతకం ఉంటుంది గానీ ఎన్‌క్రిప్ట్ అవదు. యూజర్ దాన్ని మార్చలేడు, చదవగలడు. రహస్యాలు అందులో దాచొద్దు.

సైట్‌ని జనంలోకి వదిలేటప్పుడు డీబగ్ తప్పకుండా ఆపేయండి, ఆ ఎర్రర్ పేజీ నుంచి మీ సర్వర్‌లో కోడ్ నడిపే దారి ఉంది. ఫ్లాస్క్‌తో వచ్చే సర్వర్ కూడా డెవలప్‌మెంట్ కోసమే, బయటికి గునికార్న్ లాంటి అసలు సర్వర్ వాడుకోండి.