పెద్దక్షరాల తెలుగు బైబిల్: ఆరు నెలలు అమ్మ చదివాక

మాది చిత్తూరు పక్క పల్లె, మూడెకరాల తోతాపురి మామిడి తోపు. 2025 సీజన్ ఎట్లా పోయిందో ఈ జిల్లా వాళ్లకు చెప్పాల్సిన పనిలేదు. కిలోకు గుజ్జు ఫ్యాక్టరీలు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు ఇస్తాయన్నారు. మాకు ర్యాంపు దగ్గర, అంటే కాయ కొనే చోట, చేతికొచ్చింది ఆ ఎనిమిదిలో సగమే, దానికే ట్రాక్టర్ మీద రెండు రాత్రులు క్యూలో పడుకున్నాం, అడుగునున్న కాయ మెత్తబడి నీళ్లు కారింది. కోత కూలి, బాడుగ పోతే మిగిలింది సున్నా. బైబిల్ రివ్యూలో ఇదంతా ఎందుకంటే, ఆ ఆగస్టులోనే అమ్మకు ఈ పుస్తకం కొన్నాను, "ఇప్పుడు ఇది అవసరమా రా" అని నాయన చేత తిట్లు కూడా తిన్నాను.

అమ్మ పాత బైబిల్ చిన్నక్షరాలది. కంటి ఆపరేషన్ తర్వాత అది చదవలేక ఫోన్లో ప్రసంగాలు వినడం మొదలుపెట్టింది. అందులో సగం "ఈ నెలలోనే నీ అప్పు తీరుతుంది, ఆమెన్ అని టైప్ చెయ్యి" రకం. టైప్ చెయ్యడం ఆమెకు రాదు గాని టెన్షన్ మాత్రం బాగా పడేది, అందరికీ తీరుతుంటే నాకే తీరట్లేదంటే నా ప్రార్థనలోనే ఏదో లోపం ఉందని.

ఇక పుస్తకం సంగతి. అక్షరాలు నిజంగానే పెద్దవి. పాతదాంట్లో ఈ లైను ఒత్తు ఏదో, కింది లైను తలకట్టు ఏదో తెలిసేది కాదు, ఇందులో లైన్ల మధ్య జాగా ఉంది. బరువు మాత్రం బాగా ఎక్కువ, ఒళ్లో దిండు పెట్టుకుని దాని మీద తెరవాలి. కాగితం పల్చన, వెనక పేజీ అచ్చు లీలగా కనిపిస్తుంది. యేసు మాటలు ఎర్ర సిరాతో వేశారు, చూడ్డానికి బాగుంది గాని రాత్రి బల్బు కింద ఆ ఎరుపు అమ్మ కళ్లకు ఆనదు, సువార్తలు పగలే చదువుకుంటుంది. జిప్ రెండో నెలకే ఊడింది, చెప్పులు కుట్టే ఆయన దగ్గర 40 రూపాయలకు కొత్తది వేయించాను, అది గట్టిగా ఉంది.

భాష పాతదే, గ్రాంథికం. వాడుక భాషలో వచ్చినవీ షాపులో చూపించారు, అమ్మే వద్దంది. చిన్నప్పటి నుంచి నోట్లో నానిన మాటలు మారిస్తే వేరేవాళ్ల ఇంట్లో భోంచేసినట్టుంటుందట.

ఒకరోజు సాయంత్రం హబక్కూకు అనే ప్రవక్త గ్రంథం తీసింది. మూడే అధ్యాయాల చిన్న పుస్తకం, దొరకబుచ్చుకోవడమే కష్టం. చివర్లో ఆ ప్రవక్త అంటాడు కదా, అంజూరపు చెట్టు పూయకపోయినా, ద్రాక్ష కాయకపోయినా, చేను పండకపోయినా, దొడ్లో పశువు లేకపోయినా నేను దేవునిలో ఆనందిస్తానని. రెండుసార్లు వేలు పెట్టి చదివి, "ఆయన చెట్లు పూయలేదు. మనవి పూసినాయి, కాసినాయి, కొనేవాళ్లే లేరు, ఇది రాయలేదే" అని నవ్వేసింది. ఆ జూన్ తర్వాత ఆమె నవ్వగా చూడటం అదే మొదలు. తర్వాత తనే అంది, "చూడు, వచ్చే ఏడు పూస్తాయని కూడా ఆయన అనలేదు."

ఫిలిప్పీ పత్రిక అయితే ఆ పేజీ అంచు నలిగిపోయింది. పౌలు జైల్లో ఉండి రాసిన ఉత్తరం అది. ఏ స్థితిలో ఉన్నా సంతృప్తిగా ఉండటం "నేర్చుకొని యున్నాను" అంటాడు నాలుగో అధ్యాయంలో. అమ్మ ఆ నేర్చుకోవడం అనే మాట దగ్గరే ఆగిపోతుంది. "అంటే ఆయనకు కూడా మొదట్లో రాలేదన్నమాట." ఇన్నేళ్లుగా ఎన్ని ప్రసంగాలు విన్నానో, ఇంత చిన్న సంగతి నాకెవరూ చెప్పలేదు. అప్పు అట్లాగే ఉంది, బ్యాంకు నోటీసు కూడా వచ్చింది, దాన్ని మడిచి ఈ బైబిల్లోనే పెట్టింది. రాత్రి మాత్రం పడుకుంటోంది.

నాలుగు స్టార్లు. కొనేవాళ్లు షాపులోనే జిప్ నాలుగుసార్లు లాగి చూడండి, కీర్తనల దగ్గర పేజీలు అతుక్కున్నాయేమో తిప్పి చూడండి, చదివే మనిషిని వెంట తీసుకెళ్లి ఎర్రక్షరాలు ఒకసారి చదివించండి. ఆదివారం వెళ్లకండి, షాపు మూసేసి వాళ్లూ చర్చికి పోయుంటారు.