సంతకం రెండో పేజీకి జారితే: ఏళ్ల తరబడి లిబ్రెఆఫీస్ వాడాక

ఆఫీసును ఎంఎస్ ఆఫీస్ నుంచి, అదే పనికి ఉచితంగా దొరికే లిబ్రెఆఫీస్‌కు మారుద్దామంటే, లైసెన్సు డబ్బులు మిగులుతాయని పైవాళ్లు వెంటనే తలూపుతారు. మ్యూనిక్ నగరం ఇలాగే మారి వెనక్కి తగ్గిందని ఒకరంటే, అదే జర్మనీలో ష్లెస్విగ్-హోల్‌స్టైన్ రాష్ట్రం 2024లో 30 వేల కంప్యూటర్లను మార్చడానికి పూనుకుందని ఇంకొకరు అంటారు. సీట్లో కూర్చుని టైపు కొట్టే మనిషికి ఇవేవీ పట్టవు. ఒక పేజీ తెలుగు ఉత్తరం తెరవగానే సంతకం రెండో పేజీకి జారిందా, ఇక ఎన్ని చెప్పినా వినడు. ఇన్నేళ్ల వాడకంలో నాకు మిగిలిన కోపమంతా ఈ ఒక్కదాని మీదే.

తప్పు ప్రోగ్రాముది కాదు, ఫాంటుది. ఉత్తరం కొట్టిన ఫాంటు మెషిన్లో లేకపోతే దాని బదులు ఇంకొకటి వస్తుంది. క్యాలిబ్రి లేకపోతే కార్లిటో, టైమ్స్ న్యూ రోమన్ లేకపోతే లిబరేషన్ సెరిఫ్ వస్తాయి. అక్షరాల వెడల్పు సరిగ్గా అంతే కాబట్టి ఇంగ్లీషు ఉత్తరం పెద్దగా కదలదు. విండోస్ తెలుగు ఫాంట్లయిన గౌతమికి, నిర్మలా యూఐకి అలాంటి జోడీ లేదు. ఆ ఫాంటు దొరక్కపోతే ఏదో ఒక తెలుగు ఫాంటు వచ్చి కూర్చుంటుంది. దాని వెడల్పు వేరు, వరుస ఎత్తు వేరు. లినక్స్‌లోనే ఈ బాధ అనుకుంటే పొరపాటు. విండోస్ 10 కొత్తగా వేసి తెలుగు చేర్చని మెషిన్లో గౌతమి ఉండదు. ఆప్షనల్ ఫీచర్స్‌లోకి వెళ్లి తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ వేసుకోవాలి. వేసుకోకపోతే చెదిరిన ఉత్తరానికి నింద లిబ్రెఆఫీస్‌కే.

ముందు పాత ఫైళ్ల జోలికి పోవద్దు. నోటో సెరిఫ్ తెలుగు, మండలి లాంటి ఏదైనా ఒకే ఉచిత యూనికోడ్ ఫాంటు (కంప్యూటర్ తెలుగును తెలుగుగానే గుర్తించే రకం) అన్ని మెషిన్లలో వేయాలి. టూల్స్, ఆప్షన్స్‌లో భాషల విభాగానికి వెళ్లి కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్‌కు (తెలుగు లాంటి లిపుల కోసం ఉన్న అమరిక) తెలుగు పెట్టాలి. అప్పుడు పేరాగ్రాఫ్ స్టైల్లో ఇంగ్లీషుకు ఒక ఫాంటు, తెలుగుకు ఒక ఫాంటు వేర్వేరుగా ఇవ్వొచ్చు. ఇంగ్లీషు 11, తెలుగు 13 అని ఒకసారి ఇచ్చి టెంప్లేటుగా దాచుకుంటే మళ్లీ ముట్టుకునే పనిలేదు. ఈ సదుపాయాన్ని ఒకప్పుడు అందరి దగ్గరా తెగ పొగిడేవాణ్ని. ఇప్పుడు కాస్త తగ్గించాను. ఇంగ్లీషు మాట ఒక్కటే ఎంచుకుని పైన టూల్‌బార్‌లో సైజు మారిస్తే, దాని పక్కనే కొట్టే తెలుగు పాత సైజులోనే వస్తుంది. స్టైల్స్ అలవాటు లేనివాళ్లకు ఇది తలనొప్పే.

పాత ఫైళ్లు తప్పనిసరైతే లైన్ స్పేసింగ్‌ను ఫిక్స్‌డ్‌కు మార్చండి. ఏ ఫాంటు వచ్చినా వరుస ఎత్తు మారదు. అయితే 12 పాయింట్ల అక్షరానికి 14 ఇచ్చారో, 'స్త్రీ' కింద వత్తులు తెగిపోతాయి. 20 దాకా ఇవ్వాలి. అదీ సగం వైద్యమే. వెడల్పు తేడాతో పేరా ఒక వరుస పెరిగితే సంతకం మళ్లీ జారుతుంది. బయటికి పంపేది ఎలాగూ పీడీఎఫ్ చేసి పంపడమే మేలు.

ప్రెస్సుల్లో వాడే, యూనికోడ్ కాని పాతతరం అను ఫాంట్లలో కొట్టిన ఫైళ్లది మరో గోల. కంప్యూటర్ లెక్కలో అవి ఇంగ్లీషు అక్షరాలే. వాక్యం మొదటి అక్షరాన్ని క్యాపిటల్ చేసే ఆటోకరెక్ట్ ఆన్‌లో ఉంటే ఏకంగా తెలుగు అక్షరమే మారిపోతుంది. ఆటోకరెక్ట్ ఆప్షన్స్‌లో ఆ గడినీ, కొటేషన్ గుర్తులను మార్చే గడినీ తీసేసి గానీ ఆ ఫైళ్లు ముట్టుకోవద్దు.

ఉత్తరాలు, మినిట్స్, మామూలు పట్టికలతో గడిచే ఆఫీసుకైతే మారమనే చెబుతాను. ఒక్కో సెక్షన్ చొప్పున, విండోస్‌ను అలాగే ఉంచి. జీతాల లెక్క ఎక్సెల్ మాక్రోల మీద నడిచే సెక్షన్‌ను వదిలేయండి, ఆ మాక్రోలు రాసే భాష వీబీఏ లిబ్రెఆఫీస్‌లో కొంతవరకే నడుస్తుంది. నా పని ఎక్కువగా ఉత్తరాలే కాబట్టి నాకు సరిపోయింది. రోజూ అను ఫైలే ప్రెస్సుకు పంపేవాళ్లను ఒప్పించే మాట మాత్రం నా దగ్గర ఇంకా లేదు.