పావు ఇంచు ఫుట్: మూడేళ్ల వాడకం, నాలుగు బొంతల తర్వాత

కుట్టు మిషన్‌లో సూది దగ్గర గుడ్డని అదిమిపట్టే ఈ ఫుట్‌కి కుడిపక్కన గోరంత రేకు ఒకటి కిందికి దిగి ఉంటుంది. ఆ రేకు లేకపోతే నేను రెండో బొంత మొదలుపెట్టేదాన్నే కాదు. గుడ్డ అంచుని దానికి ఆనించి వదిలేస్తే చాలు, కుట్టు ఆ అంచుకి పావు ఇంచు లోపల పడుతూ పోతుంది. మిగతాదంతా మామూలు ఫుటే. సికింద్రాబాద్ జనరల్ బజార్‌కి లైనింగ్ గుడ్డ కోసం వెళ్లినప్పుడు కుట్టు సామాన్ల షాపులో రెండు వందల చిల్లర పెట్టి కొన్నాను.

మొదటి బొంత ఇది లేకుండానే కుట్టాను. మా వీధిలో టైలర్ దగ్గర బ్లౌజులు కుట్టగా మిగిలిన ముక్కలు కవర్లకు కవర్లు తెచ్చుకున్నాను. “ఇన్ని ముక్కలేం చేస్కుంటరమ్మా?” అని ఆయన అడిగితే బొంత అని ధీమాగా చెప్పాను. బ్లౌజులు కుట్టిన అలవాటుతో కంటి అంచనా మీదే కుట్లు వేసుకుంటూ పోయాను. బ్లౌజుకి అది చెల్లుతుంది. పక్క కుట్టు కాస్త అటూ ఇటూ అయినా విప్పి వదులు చేసుకోవచ్చు. బొంతకి చెల్లదు. రెండున్నర ఇంచుల చదరాలు తొమ్మిది, వరసకి మూడు చొప్పున మూడు వరసలు కలిపితే, కుట్లకి పోగా ఆరున్నర ఇంచుల బ్లాక్, అంటే బొంతలో ఒక గడి, రావాలి. కుట్టు ఇంచులో పదహారో వంతు లోపలికి పడిందా, రెండు గుడ్డల్లోంచీ అంత పోతుంది కాబట్టి కుట్టుకి ఎనిమిదో వంతు నష్టం. బ్లాక్‌లో ఒక దిక్కున రెండు కుట్లు, అంటే పావు ఇంచు. పది బ్లాకుల వరసలో బ్లాకుల లోపలి కుట్లకే రెండున్నర ఇంచులు మాయం. మంచం మీద పరిచి చూస్తే ఒక వరస పొడుగు, ఒక వరస పొట్టి. మూలలు ఒక్కటీ కలవలేదు. ఎలాగో లాగి కుట్టి ముగించాను గానీ, దాని ఒక పక్క ఇప్పటికీ ముడతపడే ఉంటుంది.

ఫుట్ బిగించాక చదరాలు విడివిడిగా కత్తిరించడం కూడా మానేశాను. బ్లౌజు ముక్కల్లోంచి రెండున్నర ఇంచుల వెడల్పు, పది ఇంచుల పొడుగు పట్టీలు తీస్తాను. ముదురు, లేత, ముదురు కలిపి రెండు సెట్లు. లేత, ముదురు, లేత కలిపి ఒక సెట్టు. ఇస్త్రీ చేసి ఒక్కో సెట్టునీ అడ్డంగా రెండున్నర ఇంచులకొకటి కోస్తే నాలుగేసి ముక్కలు వస్తాయి, అంతా కలిపి నాలుగు బ్లాకులు. ముక్క తర్వాత ముక్క దారం తెంపకుండా మిషన్‌లోకి పంపుతూ ఉంటే వెనక మావిడాకు తోరణంలా దిగుతుంటాయి. తర్వాత అన్నీ ఒకేసారి తెంపుకుంటాను.

ఫుట్ బిగించి కుట్టిన మొదటి మధ్యాహ్నం తొలి బ్లాక్ మీద స్కేలు పెడితే ఆరున్నర. రెండోది ఆరున్నర. మూడోది కూడా ఆరున్నర వచ్చేసరికి నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అంతకంటే ఆనందం కుట్లు కలిసేచోట. పై వరస మడతని ఒక వైపుకీ, కింది వరస మడతని రెండో వైపుకీ ఇస్త్రీ చేసి ఒకదాని మీద ఒకటి పెట్టి వేళ్లతో జరిపితే, రెండు గట్లూ టక్కున ఆనుకుంటాయి. ఆ ఆనుకోవడం వేలికి తెలుస్తుంది. అక్కడ గుండుసూది కూడా అక్కర్లేదు.

పోచంపల్లి ఇక్కత్ ముక్కలతో మరీ హాయి. నూలుకే రంగులు వేసి నేస్తారు కాబట్టి రెండు వైపులా ఒకేలా ఉంటుంది, తిరగేసి కుట్టేశామేమో అన్న టెన్షన్ లేదు. అచ్చులు వేసిన కలంకారీకి మాత్రం వెనక వైపు వెలిసినట్టు ఉంటుంది, చూసుకుంటూ పంపాలి.

ఇక నన్ను బాధపెట్టిన సంగతి. మూడో బొంతకి రెండు రంగుల త్రికోణాల చదరాలు చేద్దామనుకున్నాను. దీనికీ సులువు దారి ఉంది. మూడు ఇంచుల చదరాలు రెండు ఒకదాని మీద ఒకటి పెట్టి, ఐమూలగా గీత గీసి, గీతకి అటు పావు, ఇటు పావు ఇంచు కుట్టు వేసి గీత మీద కోస్తే రెండు చదరాలు వస్తాయి. అంచులు చెక్కి రెండున్నర చేసుకోవచ్చు. అమ్మ నారాయణపేట చీర చెంగు దగ్గర చిరిగితే నాకిచ్చేసింది. ఏళ్ల తరబడి కట్టి, ఉతికి, అరటాకులా మెత్తబడిన గుడ్డ. దాన్ని ఈ ఫుట్ కింద పెట్టాను. ఇక్కడ గుడ్డ అంచు లేదు, గుడ్డ మధ్యలో గీత ఉంది. రేకు పక్కన ఆనడానికి బదులు గుడ్డ మీదే ఒత్తుకుని నడిచింది. నాలుగు ముక్కలు బాగానే వెళ్లాయి. ఐదోదానికి రేకు కొన నేతలో తగులుకుంది. కింద పళ్లు గుడ్డని లాగుతున్నాయి, పైన రేకు వదలడం లేదు. నేను కాలు తీసేలోపు ఒక పోగు ముక్క పొడవునా లేచి, గుడ్డ మిషన్ ప్లేటులో సూది దిగే కన్నంలోకి దిగిపోయింది. విప్పి చూస్తే రూపాయి బిళ్లంత చిల్లు, అదీ ఎర్ర అంచు పక్కనే. ఆ అంచు ముక్కలు నా దగ్గర ఉన్నవే ఆరు.

పారేయబోతే అమ్మ అందుకుంది. కిటికీ దగ్గర కూర్చుని, ఆ చీర పోగులే లాగి, సూదితో రఫూ చేసి ఇచ్చింది. అది ఆ బొంత మూడో వరసలో ఉంది.

కొన్న కొత్తలో తెలిసినవాళ్లందరికీ కొనుక్కోమని చెప్పాను. ఇప్పుడు మనిషిని బట్టి చెబుతున్నాను. త్రికోణాలకి పాత ఫుట్ బిగించి, మధ్య గీతకి రెండు పక్కలా పావు ఇంచు గీతలు కూడా గీసుకుని వాటి మీదే కుడుతున్నాను. టైమ్ పడుతుంది, గుడ్డ మాత్రం చిరగదు. చదరాల చుట్టూరా కుట్టి రెండు ఐమూలలా కోస్తే ఒకేసారి నాలుగు వస్తాయని ఇంకో షార్ట్‌కట్ ఉంది. దాన్ని ఒకసారి చేసి వదిలేశాను. బయటి అంచులన్నీ క్రాస్‌లో పడతాయి. క్రాస్ కటింగ్ బ్లౌజు సాగినట్టే బ్లాక్ కూడా సాగుతుంది.

ఆరున్నర అని అంత సంబరంగా చెప్పానే, అది పల్చటి గుడ్డలకి. మందం చేనేత గుడ్డకి మడతలోనే కాస్త పోయి బ్లాక్ ఒక దారం తక్కువ వస్తుంది. సూది కొద్దిగా కుడికి జరుపుదామంటే నా ఫుట్‌కి ఉన్నది చిన్న గుండ్రటి కన్నం, కుదరదు. ఫుట్ మార్చడం మర్చిపోయి మా అమ్మాయి జిగ్‌జాగ్ పెట్టేసరికి సూది విరిగి ఎగిరింది కూడా. జిగ్‌జాగ్ మిషన్ ఉన్నవాళ్లు జాగ్రత్త.

నాది ఇంట్లో వాడుకునే చిన్న మిషన్, మధ్యాహ్నం గంటసేపు కుడతాను. హైదరాబాద్ చలికి బొంతలో దూది పెట్టను, రెండు పాత నూలు చీరలు పరుస్తాను, కాబట్టి మా ఇంట్లో బొంతలన్నీ పల్చటివే. రోజంతా మందం గుడ్డలు కుట్టేవాళ్లకి ఇది ఎంతవరకు పనికొస్తుందో నా వాడకం చూసి లెక్కవేయకండి. కొనేటప్పుడు మీ మిషన్‌కి ఉన్న ఫుట్ విప్పి షాపుకి పట్టుకెళ్లండి, ఎత్తు సరిపోకపోతే బిగించడం కుదరదు.

ఇప్పుడు మిషన్ సొరుగులో రెండు ఫుట్లూ పక్కపక్కనే ఉంటాయి. సోమవారం నుంచి గురువారం దాకా చదరాలు. శుక్రవారం పూట పాతది బిగించి త్రికోణాలు.