తెలుగు చదువుకోడానికి కిండిల్ పేపర్‌వైట్ కొనొచ్చా?

కిండిల్ పేపర్‌వైట్ అంటే అమెజాన్ అమ్మే ఈ-పుస్తకాల యంత్రం. ఇంగ్లీషు పుస్తకాలకైతే ఇంత ఆలోచన అక్కర్లేదు, కొనేయండి. తెలుగు చదవడానికే కొనాలనుకునేవాళ్లు మాత్రం డబ్బు కట్టేముందు ఒక సంగతి తేల్చుకోవాలి: చదవాలనుకునే పుస్తకం ఏ రకం ఫైలుగా దొరుకుతుంది? యూనికోడ్‌లో (ప్రతి తెలుగు అక్షరానికీ సొంత కోడ్ ఉండే పద్ధతిలో) ఉన్న ఈపబ్ (తెరను బట్టి అక్షరాలు సర్దుకునే ఈ-పుస్తకం ఫైలు) అయితే సుఖం. స్కాన్ చేసిన పీడీఎఫ్ అయితే సర్దుకోవాలి. కిండిల్ స్టోర్లోనే కావాల్సినవన్నీ కొనుక్కుంటామంటే మాత్రం నిరాశ తప్పదు.

ముందు యంత్రం సంగతి. 2024 మోడల్ మన దేశంలోకి 2025 ఏప్రిల్లో వచ్చింది, అప్పటి ధర 16,999 రూపాయలు. తెర 7 అంగుళాలు, అంగుళానికి 300 చుక్కలు, లోపల 16 జీబీ, బరువు 211 గ్రాములు. 70 జీఎస్ఎం (చదరపు మీటరుకు 70 గ్రాముల) కాగితం మీద 200 పేజీల డెమ్మీ పుస్తకం వేస్తే అట్ట తీసేశాక దాని బరువూ ఇంచుమించు అంతే. పడుకుని ఒంటి చేత్తో పట్టుకుని చదివినా మణికట్టు లాగదు. డబ్బాలో టైప్-సీ కేబుల్ ఒక్కటే ఇస్తారు, చార్జరు ఫోన్‌దే వాడుకోవాలి. బ్యాటరీ 12 వారాలు వస్తుందని రాస్తారు గానీ అది రోజుకు అరగంట లెక్కన, వైఫై ఆపేసి. రోజూ రెండు గంటలు చదివేవాళ్లు మూడు వారాలని వేసుకోండి.

నెల్లూరు ఎండలో ఈ-ఇంక్ తెర విలువ తెలుస్తుంది. ఫోన్ తెర వెలవెలబోయే మధ్యాహ్నం వరండాలో ఇది అచ్చుకాగితంలాగే కనిపిస్తుంది, ఎండ పెరిగేకొద్దీ ఇంకా స్పష్టంగా ఉంటుంది. వేడికి మాత్రం జాగ్రత్త. కిండిల్‌ను 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాడమని గైడ్లలో ఉంటుంది. మే నెలలో నెల్లూరులోనూ ఒంగోలులోనూ ఆ షరతు ఇంట్లోనే చెల్లదు! చదివితే పాడైపోదు గానీ బండి డిక్కీలోనో, ఎండలో ఆపిన కారు డ్యాష్‌బోర్డు మీదో వదిలేస్తే బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుంది. నీళ్ల విషయంలో గట్టిదే: మంచినీళ్లలో 2 మీటర్ల లోతున గంటసేపు, సముద్రపు నీళ్లలో పావు మీటరు లోతున 3 నిమిషాలు తట్టుకుంటుందని కంపెనీ మాట. మైపాడు బీచికి తీసుకెళ్లేవాళ్లు ఆ రెండో లెక్క గుర్తుపెట్టుకోండి. ఉప్పునీళ్లు పడితే మంచినీళ్లతో కడిగి, చార్జింగ్ రంధ్రం పూర్తిగా ఆరాకే కేబుల్ పెట్టాలి.

ఇక అసలు పరీక్ష, తెలుగు అక్షరం.

చాలామంది దగ్గర ఉండేవి స్కాన్ పీడీఎఫ్‌లు. డెమ్మీ సైజు పేజీ అయిదున్నర అంగుళాల వెడల్పు, ఎనిమిదిన్నర ఎత్తు. ఈ తెర వెడల్పు 4.2, ఎత్తు 5.6. నిలువుగా పెట్టి పేజీ మొత్తం చూపిస్తే అది మూడింట రెండొంతులకు కుంచించుకుపోతుంది, 14 పాయింట్ల అక్షరం 9 పాయింట్లలా కనబడుతుంది. ఇంగ్లీషుకు 9 పాయింట్లు ఫరవాలేదు. తెలుగుకు చాలదు, ఎందుకంటే మన లిపిలో అర్థం సగం అక్షరం కిందే ఉంటుంది. 'రాష్ట్ర'లో ట వత్తు, క్రావడి రెండూ కలిసిపోయి నల్లమచ్చ అవుతాయి. మార్జిన్లు కత్తిరిస్తే కొంత నయం, అక్షరం 80 శాతం సైజుకు వస్తుంది. అన్నిటికన్నా మంచి ఉపాయం తెరను అడ్డంగా తిప్పడం. అప్పుడు వెడల్పు 5.6 అంగుళాలు దొరుకుతుంది కాబట్టి డెమ్మీ పేజీ అచ్చు సైజులోనే కనిపిస్తుంది, ఒక పేజీకి తెర రెండుసార్లు తిప్పుకోవాలి, అంతే. టీటీడీ సైటులో ఉచితంగా దొరికే పెద్ద సంపుటాల్లాంటివి ఇంతకన్నా వెడల్పు పేజీలు. వాటికి ఈ యంత్రం కాదు, 10 అంగుళాల టాబ్లెటే దారి.

స్కాన్ పేజీని ముక్కలు చేసి మళ్లీ పేర్చే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి, కే2పీడీఎఫ్ఆప్ట్ అందులో ఒకటి. మార్జిన్లు కత్తిరించడానికి మాత్రమే వాడండి. లైన్లు విరగ్గొట్టి పేర్చే పనికి పెడితే, అక్షరానికి అంటకుండా దిగువన ఉన్న వత్తును వేరే లైను అనుకుని కోసేసే ప్రమాదం ఉంది.

యూనికోడ్ ఈపబ్ చేతికొచ్చిందంటే కథే వేరు. తెలుగు వికీసోర్స్‌లో పుస్తకాన్ని ఈపబ్‌గా దించుకునే వీలుంది, కాపీరైటు తీరిన పాత రచనలు మొదలుపెట్టడానికి అదే మంచి చోటు. (మన దేశంలో రచయిత పోయిన ఏడాది తర్వాతి జనవరి నుంచి 60 ఏళ్లు లెక్క.) దించిన ఫైలును అలాగే యంత్రంలోకి తోసేయకుండా క్యాలిబర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్లో పది నిమిషాలు పెట్టండి. ఫాంటును ఫైల్లోనే పొదగాలి, యంత్రంలో ఉన్న ఫాంటును నమ్ముకుంటే అక్షరాలకు బదులు డబ్బాలు కనబడే అవకాశం ఉంది. పుస్తకంలోని మామూలు పాఠానికి నోటో సెరిఫ్ తెలుగు, మండలి ఫాంట్లు బాగుంటాయి. సూరన్న గీత సన్నం, ఈ-ఇంక్ మీద పాలిపోతుంది. రామభద్ర శీర్షికలకే. లైన్ల మధ్య ఎడం 1.6 ఇవ్వండి, రెండు వత్తుల మాటలు కింది లైను గుడులకు తగలకుండా ఉంటాయి. రెండు వైపులా సమానంగా సర్దే అమరిక తీసేసి ఎడమకు పెట్టండి. తెలుగు మాటలు పొడుగు, తెర ఇరుకు. సమానంగా సర్దబోతే లైనుకు మూడు మాటలు పడి మధ్యలో గోతులు తేలతాయి.

పంపేటప్పుడు రెండు చోట్ల బెడిసికొడుతుంది. సొంత ఫైళ్లు యంత్రానికి పంపుకునే అమెజాన్ సేవ సెండ్ టు కిండిల్ 2022 నుంచి ఈపబ్ తీసుకుంటోంది, మెయిల్‌లో 50 ఎంబీ, వెబ్‌సైటులో 200 ఎంబీ దాకా. ఫైలు వివరాల్లో భాష 'తెలుగు' అని ఉంటే, అది వాళ్ల జాబితాలో లేని భాష కాబట్టి తిప్పికొట్టొచ్చు. అలా జరిగితే క్యాలిబర్లో భాష గడిని ఇంగ్లీషుగా మార్చి మళ్లీ పంపండి. పుస్తకం తెలుగులోనే ఉంటుంది, గడికి మాత్రం అబద్ధం చెప్పాలి. రెండోది, లోపలి పేజీల మొదటి వరుసలో యూటీఎఫ్-8 (యూనికోడ్ అక్షరాలను ఫైల్లో దాచే పద్ధతి) అని ప్రకటన లేకపోతే తెలుగంతా పిచ్చిగీతలవుతుంది. ఇవేవీ వద్దనుకుంటే కిండిల్ సొంత ఫైలు రకమైన ఏజెడ్‌డబ్ల్యూ3గా మార్చి కేబుల్‌తో ఎక్కించొచ్చు.

పరీక్షకు తిక్కన పద్యాలు పెట్టి చూడండి, నెల్లూరివాళ్లకు అంతకన్నా దగ్గరి గీటురాయి ఏముంది! 'వాఁడు', 'ఱేఁడు', 'కాఁబట్టి' సరిగ్గా కనబడితే అరసున్నా, బండి ఱ రెండూ గట్టెక్కినట్టే. పద్యపాదం తెరకు పట్టక విరుగుతుంటే ఫాంటు ఒక మెట్టు తగ్గించండి, లేదా అడ్డంగా తిప్పండి.

అయితే కొత్త తెలుగు పుస్తకాలు ఇలా ఎందుకు దొరకవు? తప్పంతా అమెజాన్ మీదే వేయడం తేలిక, కొంత నిజం కూడా. 2016 డిసెంబరులో కిండిల్ స్టోర్ భారతీయ భాషలకు తలుపు తీసినప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం లోపలికెళ్లాయి, తెలుగు బయటే ఉండిపోయింది. నెల్లూరు నుంచి మూడు గంటల రైలు దూరంలో ఉన్న చెన్నై పాఠకుడికి ఉన్న సదుపాయం మనకు లేకపోయింది. కినిగె లాంటి తెలుగు సైట్లు అంతకు ముందే ఈ-పుస్తకాలు అమ్మాయి గానీ, అవి అడోబీ డిజిటల్ ఎడిషన్స్ తాళం వేసిన ఫైళ్లు. ఆ తాళం కిండిల్‌లో తెరుచుకోదు.

మిగతా సగం తప్పు డీటీపీ గదిలో ఉంది. ఏళ్ల తరబడి తెలుగు పుస్తకాలు పేజీలు అమర్చే 2001 నాటి సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ 7.0లో, అను ఫాంట్లతో తయారయ్యాయి, ఇప్పటికీ అవుతున్నాయి. అచ్చుకు అది చక్కటి పద్ధతే, అక్షరాల అందంలో అనుకు వంక పెట్టలేం. కానీ ఆ ఫైల్లో తెలుగు లేదు, ఇంగ్లీషు కోడ్‌లకు తెలుగు బొమ్మలు తొడిగారు. 'స్త్రీ' తీసుకోండి. అనులో అది కంటికి కనబడే వరుసలో ఉంటుంది: ముందు 'సీ' బొమ్మ, తర్వాత త వత్తు, తర్వాత క్రావడి. యూనికోడ్‌లో స, పొల్లు, త, పొల్లు, ర, ఆఖర్న గుడిదీర్ఘం. అనును యూనికోడ్‌లోకి మార్చే సాఫ్ట్‌వేర్ ప్రతి మాటలోనూ గుణింతాన్ని వత్తులు దాటించి చివరికి జరపాలి. మామూలు మాటల్లో జరుపుతుంది. అరుదైన సంయుక్తాక్షరాల్లో, అరసున్నాల్లో, కొటేషన్ గుర్తుల్లో తప్పుతుంది. మధ్యలో ఇంగ్లీషు మాట ఉంటే దాన్నీ తెలుగనుకుని చెడగొడుతుంది. 'సాఫ్ట్‌వేర్' మధ్య ఉండాల్సిన కనబడని విడదీత గుర్తు పడిపోయి 'సాఫ్ట్వేర్' అవుతుంది. అంటే మార్చిన ప్రతి పుస్తకానికీ ప్రూఫులు మళ్లీ మొదటి నుంచి చూడాలి. 500 కాపీలు వేసే చిన్న ప్రచురణకర్త ఆ కూలి రెండోసారి ఎందుకు ఇస్తాడు?

లెక్క చూస్తే ఇవ్వడమే మేలు. అచ్చుపుస్తకం మీద పంపిణీదారు, షాపు కలిసి మామూలుగా 40 శాతం దాకా పట్టుకుంటారు, అమ్ముడుపోనివి అటక మీద ఉంటాయి. అమెజాన్ ఒప్పుకునే భాషల్లో ఈ-పుస్తకానికి రచయిత వాటా 35 లేదా 70 శాతం, మిగిలిపోయే కట్టలే ఉండవు. పన్ను మాత్రం తిరకాసు: అచ్చుపుస్తకానికి జీఎస్టీ లేదు, అదే పుస్తకం ఈ-బుక్ అయితే 5 శాతం.

కొనేవాళ్ల లెక్క వేరు. 200 పేజీల డెమ్మీ పుస్తకం అట్టతో 230 గ్రాములు, కవరు వేసినా 300 దాటదు. 2025 మే 1 నుంచి తపాలా శాఖ నడుపుతున్న జ్ఞాన్ పోస్ట్‌లో 300 గ్రాముల దాకా 20 రూపాయలే, 5 కిలోలకు 100, పన్నులు అదనం. ప్రకటనలు ఉండకూడదు, ముద్రాపకుల పేరో ప్రచురణకర్త పేరో ఉండాలి, రోడ్డు, రైలు మార్గాన వెళుతుంది కాబట్టి ఆలస్యం. పుస్తకం ధర 200 రూపాయలు అనుకుంటే, ఈ యంత్రం ధరకు తపాలా ఖర్చుతో కలిపి 75కు పైగా పుస్తకాలు కనిగిరికో కావలికో ఇంటికే వస్తాయి. పైగా వాటిని పక్కింటివాళ్లకు ఇవ్వొచ్చు (తిరిగొస్తాయన్న పూచీ లేదనుకోండి). కిండిల్‌లో కొన్నది అలా ఇవ్వలేం. అది పుస్తకం కాదు, చదువుకునే అనుమతి. 2009లో అమెరికాలో అమ్మిన పుస్తకాలను కొన్నవాళ్ల యంత్రాల్లోంచి అమెజానే తీసేసి, తర్వాత క్షమాపణ చెప్పుకుంది. 2025 ఫిబ్రవరి 26 నుంచి కొన్న పుస్తకాన్ని కంప్యూటర్లోకి దించుకుని కేబుల్‌తో ఎక్కించే సౌకర్యం కూడా ఎత్తేసింది. క్యాలిబర్‌తో సొంత ఫైళ్లు ఎక్కించుకోడానికి దీంతో ఇబ్బంది లేదు.

కాబట్టి పాత సాహిత్యం, వికీసోర్స్, ఇంగ్లీషు కలిపి చదివేవాళ్లు, ఫైళ్లతో కాస్త కుస్తీ పట్టే ఓపిక ఉన్నవాళ్లు కొనొచ్చు. కొత్త కథలు, నవలలే కావాలంటే ఆ డబ్బు పుస్తకాలకే పెట్టండి. ప్రచురణకర్త నుంచి పీడీఎఫ్ కొనేవాళ్లు ముందు నమూనా అడిగి, అందులో ఒక లైను కాపీ చేసి వాట్సాప్‌లో అతికించి చూడండి. తెలుగు వస్తే యూనికోడ్, ఇంగ్లీషు అక్షరాల గజిబిజి వస్తే అను. ఏ అక్షరమూ కాపీ కాకపోతే స్కాన్. నెల్లూరులోనో ఒంగోలులోనో సొంత పుస్తకం డీటీపీకి ఇస్తున్నవాళ్లయితే అడ్వాన్సు ఇచ్చేముందే చెప్పండి: పని ఇన్‌డిజైన్ అనే పేజీలమర్చే సాఫ్ట్‌వేర్లో, యూనికోడ్ ఫాంటుతో, అందులోని వరల్డ్-రెడీ కంపోజర్ అనే సదుపాయం ఆన్ చేసి జరగాలి, లేకపోతే వత్తులు విడిపోతాయి. ఆఖరి ప్రూఫు దిద్దాక పీడీఎఫ్‌తో పాటు అసలు ఫైలూ పెన్‌డ్రైవ్‌లో మీ చేతికి రావాలి.