నాలుగేళ్ళు వాడిన పాత జర్మన్ సెడాన్: నా కోపమంతా సన్‌రూఫ్ మీదే

ఈ బండి మీద నాకున్నది ఒకే ఒక్క కోపం. అది నెత్తిమీదున్న ఆ అద్దం మీద.

బండి 2013 మోడల్, మూడు లీటర్ల ఆరు సిలిండర్ల డీజిల్. పదేళ్ళు దాటిన డీజిల్ బళ్ళు ఢిల్లీలో తిరగకూడదన్నాక అక్కడి నుంచి చవగ్గా చాలానే దిగాయి. వాటికి ఇక్కడ కర్ణాటకలో లైఫ్ టాక్స్ కట్టి కేఏ నంబరు తెచ్చుకునేసరికి ఆ చవక కాస్తా ఆవిరైపోతుంది. అందుకే వాటి జోలికి పోకుండా, బెంగళూరులోనే ఒక పెద్దాయన దగ్గర, సర్వీసు కాగితాలన్నీ ఉన్న బండిని 2021లో 11.5 లక్షలకు తీసుకున్నాను. అప్పుడు మీటరు 72,000 చూపించింది. ఇప్పుడు 1,16,000. ఇంజన్ ఆయిలు, ఫిల్టర్లు, బ్రేక్ ప్యాడ్లు అన్నీ ఇంటి ముందే, నా చేతులతోనే. జాకీ స్టాండ్లు, టార్క్ రెంచి, ఒక ఆదివారం ఉంటే అయిపోయే పనులవి. వాటి గురించి ఇంతకంటే చెప్పేదేం లేదు.

కొన్న కొత్తలో ఈ బండి గురించి రాసినప్పుడు సన్‌రూఫ్‌ను తెగ మెచ్చుకున్నాను. ఆ మాట వెనక్కి తీసుకోను. డిసెంబరులో తెల్లారకముందే అనంతపురానికి బయల్దేరి, దేవనహళ్ళి దాటాక ఆ అద్దాన్ని కాస్త పైకి లేపితే లోపలికొచ్చే చల్లగాలి ఇప్పటికీ నాకు ప్రాణమే. కాకపోతే అప్పట్లో బండి కప్పున్న చోట నిలబడేది. 2023లో ఇల్లు మారి జయనగర్ వచ్చాం. ఇక్కడ బండికి వీధే దిక్కు, అదీ పచ్చ తురాయి చెట్టు కింద.

2024 ఏప్రిల్ సంగతి ఇక్కడివాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఊరంతా వాన కోసం మొహం వాచిపోయింది. చెట్టు మాత్రం విరగబూసింది. పొద్దున లేచి చూస్తే బండికి పసుపు చల్లినట్టుండేది. పిల్లలు ఫొటోలు కూడా తీసుకున్నారు. మే మొదటి వారంలో వానలొచ్చాయి. రెండు రోజులు గడిచాక మా ఆవిడ, "బండిలో తడిసిన గోనెసంచి వాసనొస్తోంది, ఒకసారి చూడండి" అంది. ఏసీ ఫిల్టరు మార్చాను. వాసన పోలేదు. కార్పెట్ ఎత్తి చూడాల్సింది ఆ రోజే. చూడలేదు.

ఆదివారం ఆపిన బండి గురువారం చచ్చినట్టు పడి ఉంది. రిమోట్‌కు పలకదు. ఈ బండిలో బ్యాటరీ ఉండేది డిక్కీలో, డిక్కీ తెరుచుకునేది కరెంటుతో. రిమోట్‌లో దాచి ఉండే ఇనుప తాళంచెవితో డ్రైవరు డోరు తీసి, బానెట్ కింద ఉండే జంప్ టెర్మినళ్ళకు చార్జరు తగిలించాకే డిక్కీ తెరుచుకుంది. అడుగు పలక ఎత్తాను. గుంటలో నాలుగు వేళ్ళ లోతు నీళ్ళు. బ్యాటరీ పక్కనున్న కంట్రోల్ మాడ్యూలు, అంటే బండి ఎలక్ట్రానిక్స్‌ను నడిపే డబ్బాల్లో ఒకటి, సగం వరకూ మునిగి ఉంది.

కొన్న రోజునే ఎవరైనా నాకు చెప్పాల్సిన విషయం ఒకటుంది. సన్‌రూఫ్ చుట్టూ ఉన్న రబ్బరు నీళ్ళను పూర్తిగా ఆపదు. దాన్ని దాటిన నీళ్ళు అద్దం కింద ఉన్న కాలవలోకి చేరతాయి. ఆ కాలవ నాలుగు మూలల నుంచి నాలుగు సన్నటి గొట్టాలు, రెండు ముందు స్తంభాల లోపలి నుంచి, రెండు వెనక స్తంభాల లోపలి నుంచి, బండి కిందికి దిగుతాయి. వాటిలో ఒక్కటి పూడినా నీళ్ళు దారి వెతుక్కుంటూ బండి లోపలికి దిగుతాయి. మామూలుగా అప్పుడప్పుడూ పడే జల్లులకు చెత్త కొంచెం కొంచెంగా కొట్టుకుపోయేది. ఆ ఏప్రిల్‌లో వాన లేక, నెల రోజుల పూరేకులన్నీ ఆ కాలవలోనే పోగయ్యాయి.

ఒక సర్వీసు సెంటరుకు ఫొటోలు పంపాను. మాడ్యూలూ వైరింగూ మార్చాలి, 1.8 లక్షలన్నారు. నీళ్ళు ఎక్కడి నుంచి వచ్చాయని ఒక్కరూ అడగలేదు. డబ్బు కంటే అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. వాళ్ళ మాట విని కొత్త మాడ్యూలు పెట్టించుకుని ఉంటే, తర్వాతి వానకు అదీ మునిగేది.

బ్యాటరీ తీగ తీసేసి మాడ్యూలు విప్పాను. నాలుగు పిన్నులు చిలుము పట్టి పచ్చగా ఉన్నాయి. ఎస్పీ రోడ్డులో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కొనుక్కొచ్చి, పాత టూత్‌బ్రష్షుతో తోమి, రెండు రోజులు మిద్దె మీద ఆరబెట్టాను. కార్పెట్ కింది స్పాంజీని పిండితే అర బకెట్టు నీళ్ళొచ్చాయి. అది పూర్తిగా ఆరడానికి వారం పట్టింది.

దోషి ఆ మాడ్యూలేనని ఊరికే అనుకోలేదు. నీళ్ళు తోడేసిన రోజునే, దాన్ని విప్పకముందే, ఆపి ఉన్న బండి బ్యాటరీ నుంచి ఎంత కరెంటు లాగుతోందో కొలిచి చూశాను. డిక్కీ మూసే ఉందని బండి అనుకునేలా దాని లాచ్‌ను స్క్రూడ్రైవరుతో మూసి, తాళంచెవి ఇంట్లో పెట్టి, బండిలోని ఎలక్ట్రానిక్స్ అన్నీ నిద్రపోవడానికి గంటసేపు ఆగాను. 0.05 ఆంపియర్ లోపు ఉండాల్సింది 0.6 దగ్గర ఆగింది. 90 ఆంపియర్-అవర్ బ్యాటరీ నాలుగు రోజుల్లో సగం పైగా ఖాళీ కావడానికి అది చాలు. ఫ్యూజు పీకి పెడితే నిద్రపోయిన మాడ్యూళ్ళు మేలుకుంటాయి. అందుకని పీకకుండా, ఒక్కో ఫ్యూజు వీపు మీదుండే రెండు లోహపు చుక్కల మధ్య మిల్లీవోల్టులు చూస్తూ పోయాను, కరెంటు పోతున్న ఫ్యూజు దగ్గరే అవి కనిపిస్తాయి. ఆ మాడ్యూలు ఫ్యూజు దగ్గర దొంగ దొరికింది. ఆరబెట్టి తిరిగి పెట్టాక లెక్క 0.03కు దిగింది. ఆ క్షణంలో నేను పడ్డ సంతోషం, బండి కొన్న రోజున కూడా పడలేదు.

గొట్టాల్లో పూడింది వెనక కుడివైపుది. గాలి కొట్టొద్దు, స్తంభం లోపల గొట్టం ఊడిపోతే సీలింగంతా విప్పాలి. గడ్డి కోసే యంత్రానికి వాడే నైలాన్ తీగను పైనుంచి మెల్లగా తోస్తూ, కొంచెం కొంచెం నీళ్ళు పోస్తూ ఉంటే, అరగంటకు బంపరు వెనక నుంచి తేయాకు పిప్పిలాంటి నల్లటి ముద్ద జారింది. వేళ్ళతో విడదీస్తే లోపల ఇంకా పసుపు రేకులున్నాయి.

బ్యాటరీ మాత్రం కోలుకోలేదు, ఆ ఆగస్టులో మార్చాను. కొత్తది పెట్టాక, బండి కంప్యూటరుకు తగిలించే స్కానరుతో బండికి ఆ సంగతి తెలపాలి, లేకపోతే పాతదాని వయసు లెక్కనే చార్జింగ్ చేస్తుంది.

కొనమంటారా అని అడిగేవాళ్ళకు నా సమాధానం సూటిగా రాదు. నాకు ఆదివారాలున్నాయి, ఆఫీసుకు మెట్రో ఉంది, విడిభాగాలకు జేసీ రోడ్డు దగ్గర. బండి వారం రోజులు విప్పి ఉన్నా ఇల్లు నడుస్తుంది. ఇంట్లో ఉన్నది ఇదొక్క బండే అయితే నేనే వద్దంటాను. అపార్ట్‌మెంటు బేస్‌మెంటులో పెట్టుకునేవాళ్ళకు పైన చెప్పిన బాధ చాలావరకు ఉండకపోవచ్చు. ఇంజను మీద, హైవే నడక మీద నా ప్రేమ ఇసుమంత తగ్గలేదు.

చూడ్డానికి వెళ్ళేటప్పుడు మాత్రం నీళ్ళ సీసా ఒకటి తీసుకెళ్ళండి. సన్‌రూఫ్ తెరిచి నాలుగు మూలలా కొద్దికొద్దిగా పోసి, బండి కింద నాలుగు చోట్లా కారుతున్నాయో లేదో చూడండి. డిక్కీ అడుగు పలక ఎత్తి, గుంటలో చెయ్యి పెట్టి తడిమి చూడండి. అమ్మే ఆయన అందుకు ఒప్పుకోకపోతే నేనైతే ఆ బండిని అక్కడే వదిలేసి వస్తాను.