పెరట్లో మేపుల్ సిరప్ తయారీ: ఏడు సీజన్లు వాడిన సరంజామాపై సమీక్ష

అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో, నాషువాకు కొంచెం దూరంలో ఉన్న మా ఇంటి పెరట్లో ఐదు షుగర్ మేపుల్ చెట్లు, ఒక రెడ్ మేపుల్ చెట్టు ఉన్నాయి. 2018 ఫిబ్రవరి నుంచి 2024 ఏప్రిల్ వరకు వరుసగా ఏడు సీజన్లు ఆ చెట్ల రసం పట్టి, ఆరుబయట కట్టెల పొయ్యి మీద కాచి, ఇంటికి సరిపడా సిరప్ చేసుకున్నాను. ఇన్నేళ్లలో కొన్నవాటిలో ఏది నిలిచిందో, ఏది మూలపడిందో చెప్పడానికే ఈ సమీక్ష. కొత్తగా మొదలుపెట్టేవారు డబ్బంతా రసం పట్టే సామాను మీద, కాచే పళ్లెం మీద పెడుతుంటారు. సిరప్ మంచిచెడ్డలు తేలేది మాత్రం చివరి అరగంటలో, అంటే పాకాన్ని కొలిచే పరికరం దగ్గర, వడకట్టే గుడ్డ దగ్గర అని నా అనుభవం చెబుతోంది.

మాది అనకాపల్లి వైపు ఊరు. బెల్లం పెనం పక్కన నిలబడి, మడ్డి తీయడం, పాకం ముదరడం చూస్తూ పెరిగినవాణ్ని కనుక ఈ పని సులువుగా వస్తుందనుకున్నాను. చూపు అలవాటు పనికొచ్చింది గానీ లెక్క పూర్తిగా వేరు. చెరకు రసంలో నూటికి పదిహేను పాళ్లకు పైగా చక్కెర ఉంటుంది, తాటి నీరాలో పది పాళ్ల దాకా ఉంటుంది, మేపుల్ రసంలో ఉండేది రెండు పాళ్లే. నోట్లో పోసుకుంటే మంచినీళ్లలో చిటికెడు పంచదార కలిపారా అనిపిస్తుంది. రసంలోని చక్కెర శాతంతో 86ను భాగిస్తే ఒక లీటరు సిరప్‌కు ఎన్ని లీటర్ల రసం కావాలో తెలుస్తుంది. వెర్మాంట్ విశ్వవిద్యాలయానికి చెందిన జోన్స్ 1946లో చెప్పిన ఈ సూత్రాన్ని ఇక్కడివారు ఇప్పటికీ వాడతారు. రెండు శాతమైతే 43 లీటర్లు. పైగా బెల్లం వండేచోట ఎండిన చెరకు పిప్పే పొయ్యిలోకి వెళుతుంది. ఇక్కడ ఆ వెసులుబాటు లేదు, కట్టెలు ఏడాది ముందే కోసి ఎండబెట్టుకోవాలి.

రసం పట్టే సామానులో చెప్పుకోవలసింది చెట్టుకు దిగగొట్టే స్పైల్ అనే చిన్న గొట్టం గురించే. నేను 5/16 అంగుళాల స్టెయిన్‌లెస్ స్టీల్ స్పైళ్లు ఎనిమిది తీసుకున్నాను, ఏడేళ్లలో ఒక్కటీ వంగలేదు, తుప్పు పట్టలేదు. ఏటా వేడినీళ్లలో మరగబెట్టి వాడితే చాలు. కాండం అడ్డుకొలత కనీసం 12 అంగుళాలు ఉన్న చెట్టుకే రంధ్రం పెట్టాలి. రంధ్రం లోతు అంగుళంన్నర నుంచి రెండు అంగుళాలు, రసం బయటికి జారేలా లోపలి కొస కొద్దిగా పైకి ఉండాలి. డ్రిల్ బిట్ కొత్తది, పదునైనది కావడం స్పైల్ ఖరీదు కంటే ముఖ్యం. బిట్‌తో పాటు బయటికొచ్చే పొట్టు పాలమీగడ రంగులో తడిగా ఉంటే అది బతికున్న చెక్క. గోధుమ రంగులో పొడిగా రాలితే పాత గాయం దగ్గరికో, చచ్చిన చెక్కలోకో వెళ్లామని అర్థం, అక్కడ రసం రాదు. అందుకే ప్రతి ఏడూ పాత రంధ్రానికి పక్కగా, ఎగువగా జరిగి కొత్తచోటు చూసుకుంటాను. స్పైల్‌ను చిన్న సుత్తితో మెల్లగా కొడుతుంటే మొదట పలచగా మోగి, గట్టిగా కూర్చున్న క్షణంలో చప్పుడు బొంగురుపోతుంది. అక్కడ ఆపేయాలి. ఇంకో దెబ్బ వేస్తే చెక్క నిలువునా చిట్లి, రసం స్పైల్‌లోంచి కాక బెరడు వెంట కారిపోతుంది.

మూతలున్న లోహపు బకెట్లు నాకు బాగా కుదిరాయి. మూడో సీజన్‌లో ప్లాస్టిక్ ట్యూబుల సెట్ ఒకటి కొన్నాను. ఉడుతలు రెండుచోట్ల కొరికేశాయి, వెచ్చటి రోజుల్లో గొట్టం లోపల జిగట పేరుకుంది, కడగడానికి పట్టిన సమయం రసం మోసుకొచ్చే సమయం కంటే ఎక్కువైంది. పది చెట్లలోపు ఉన్నవారికి నేను దాన్ని సిఫారసు చేయను. పాత సామాన్ల దుకాణాల్లో దొరికే పురాతన బకెట్లు చూడముచ్చటగా ఉంటాయి గానీ, వాటి అతుకుల్లో సీసం ఉండవచ్చు కనుక వాడకపోవడమే మంచిది.

రాత్రి గడ్డకట్టే చలి, పగలు సున్నా డిగ్రీలకు పైన వెచ్చదనం, ఈ రెండూ కలిసొచ్చిన రోజుల్లోనే రసం కారుతుంది. మాకది ఫిబ్రవరి రెండో సగం నుంచి ఏప్రిల్ మొదటి వారం దాకా. కారిన రసాన్ని పాలతో సమానంగా చూడాలి. చల్లగా, నీడలో ఉంచి నాలుగైదు రోజుల్లో కాచేయాలి, మబ్బుపట్టినట్టు తెల్లబడితే పారబోయాలి. ఎనిమిది స్పైళ్లకు సీజన్ మొత్తం మీద సుమారు 300 లీటర్ల రసం, దాన్నుంచి ఏడు లీటర్లకు అటూఇటూగా సిరప్ వస్తోంది.

కాచడానికి సిమెంటు ఇటుకలతో పొయ్యి పేర్చి, హోటళ్లలో వాడే వెడల్పాటి స్టీలు పళ్లేలు మూడు దానిమీద ఉంచాను. ఎవాపరేటర్లు అనే, రసం కాచడానికే తయారుచేసి అమ్మే చిన్న పొయ్యిలు ఇంతకంటే త్వరగా కాస్తాయి, కాదనను. అయినా ఏడాదికి మూడు వారాంతాల పనికి నా పొయ్యి సరిపోయింది, గంటకు 12 లీటర్ల దాకా నీరు ఆవిరవుతోంది. ఏటా దాదాపు పావు కార్డు, అంటే 32 ఘనపుటడుగుల కట్టెల పేర్పు ఖర్చవుతోంది. ఇంట్లో వంటగదిలో కాచాలని ఎవరూ అనుకోవద్దు. వందల లీటర్ల ఆవిరి గోడలకు పడితే రంగు పెచ్చులు లేస్తుంది. నురుగు పొంగినప్పుడు చుక్క వెన్న వేస్తే అణుగుతుంది.

ఐదో సీజన్‌లో చిన్న రివర్స్ ఆస్మాసిస్ యంత్రం తెచ్చుకున్నాను. కాచకముందే రసంలోని నీటిలో సగం తీసేస్తుంది, ఆ మేరకు కట్టెలూ, గంటలూ సగానికి తగ్గాయి. అయితే వాడిన ప్రతిసారీ దానిలోని వడపోత పొరను కడగాలి, అది గడ్డకట్టకుండా ఇంట్లో దాచాలి. మంట మీద తక్కువసేపు ఉండటం వల్లనేమో, ఆ సిరప్ లేత బంగారు రంగులో, కాస్త తేలిక రుచితో వచ్చింది. మా ఇంట్లో అందరికీ ముదురు రంగు సిరప్ ఇష్టం, కనుక రసం ఒక్కసారిగా ముంచుకొచ్చిన రోజుల్లో తప్ప దాన్ని బయటికి తీయడం లేదు.

ఇక చివరి అరగంట. పళ్లేల్లో రసం చిక్కబడి అడుగు కనిపించే దశకు రాకముందే, దాన్ని లోతైన గిన్నెలోకి వంపి గ్యాస్ స్టవ్ మీద పూర్తిచేయాలి. రెండో సీజన్‌లో ఈ మాట పాటించక, కట్టెల పొయ్యి మీదే ఇంకొంచెం ఉంచి, ఫోను మోగితే లోపలికి వెళ్లాను. నాలుగు నిమిషాల్లో తిరిగొచ్చేసరికి పళ్లెంలో నల్లటి బొగ్గు మిగిలింది. వంద లీటర్ల రసం, రెండు రోజుల కష్టం పోయాయి. ఆ రాత్రి నాన్నకు ఫోను చేసి చెబితే, "పెనం దించేదాకా పొయ్యి దగ్గర మనిషి కదలకూడదురా, మంట కంటే మనిషే ముఖ్యం" అన్నారు. అప్పటి నుంచి చివరి దశలో ఫోను ఇంట్లోనే వదిలేస్తున్నాను.

నీరు మరిగే ఉష్ణోగ్రత కంటే సుమారు 4 సెంటీగ్రేడ్ డిగ్రీలు పైకి చేరితే సిరప్ అయినట్టు. వాతావరణ పీడనాన్ని బట్టి నీరు మరిగే స్థానం మారుతుంది కనుక, ఆ రోజే నీళ్లు మరిగించి థర్మామీటర్ సరిచూసుకోవాలి. అయినా థర్మామీటర్ దగ్గరికి తీసుకెళుతుందే గానీ తీర్పు చెప్పదు. తీర్పు చెప్పేది పాకం చిక్కదనాన్ని కొలిచే సిరప్ హైడ్రోమీటర్. పొడవాటి లోహపు కప్పులో వేడి పాకం నింపి గాజు కడ్డీని వదిలితే, దానిమీది ఎర్ర గీత పాకం మట్టానికి సరిగ్గా రావాలి. వేడి పాకానికి ఒక గీత, చల్లారినదానికి మరొకటి ఉంటాయి. చక్కెర సాంద్రత 66 బ్రిక్స్ (అంటే బరువులో నూటికి 66 పాళ్ల చక్కెర) కంటే తగ్గితే సిరప్ బూజు పడుతుంది, పులుస్తుంది. మొదటి ఏడాది కేవలం వేళ్ల మధ్య తీగ సాగడం చూసి దించిన మూడు సీసాలు మే నెలకే బూజు పట్టాయి. 67 దాటి చాలా ముదిరితే సీసా అడుగున కలకండ పలుకులు కడతాయి. తీగపాకం చూపుడు వేలికి తెలుస్తుంది గానీ, ఈ ఒక్క బ్రిక్స్ తేడా వేలికి అందదు. ఒక జాగ్రత్త: కడ్డీకి కిందటిసారి పాకం పొర అంటుకుని ఎండి ఉంటే, ఆ బరువుకు అది లోతుగా మునిగి, అయిన పాకాన్ని కూడా కాలేదని చూపిస్తుంది. ప్రతిసారీ వేడినీళ్లతో కడిగి తుడవాలి.

కాగేకొద్దీ రసంలోని ఖనిజాలు, ముఖ్యంగా కాల్షియం మాలేట్, సన్నటి ఇసుకలా విడిపోతాయి. మామూలు జల్లెడ, పల్చటి గుడ్డ వీటిని ఆపలేవు. మందపాటి ఫెల్ట్ (నేయకుండా పోగులను అదిమి చేసిన గుడ్డ) సంచి, దానిలోపల పలచటి కాగితం లాంటి వడపోత పొరలు రెండు ఉండాలి. సంచిని ముందు వేడినీళ్లలో తడిపి, సిరప్‌ను సలసల కాగుతుండగానే పోయాలి. పిండకూడదు, పిండితే ఇసుక గుడ్డ దాటుతుంది. సబ్బు అసలు తగలనీయవద్దు. ఒకసారి పరిమళం ఉన్న సబ్బుతో ఉతికిన సంచి వల్ల నాలుగు సీసాలకు ఆ వాసన పట్టింది. వడకట్టిన సిరప్‌ను 82 డిగ్రీలకు తగ్గకుండా సీసాల్లో నింపి, మూత బిగించి, మూతకూ వేడి తగిలేలా కాసేపు పక్కకు పడుకోబెడతాను. అలా నింపిన సీసాలు ఏడాది దాటినా చెక్కుచెదరలేదు.

రుచి విషయానికొస్తే, దోసెకు, వేడి నెయ్యి వేసిన ఇడ్లీకి ఇది అద్భుతంగా కుదురుతుంది. ఉగాది పచ్చడిలో వేసి చూశాను. పండుగ సరిగ్గా ఈ సీజన్ చివర్లోనే వస్తుంది కనుక ఆశగా ఉండేది. కానీ దీని పొగవాసన చింతపండు పులుపుతో కలవలేదు, పచ్చడికి బెల్లమే సరైనది.

మొగ్గలు ఉబ్బడం మొదలయ్యాక వచ్చే రసంతో కాచిన సిరప్‌కు ఒక చేదువాసన వస్తుంది, కనుక మొగ్గ కనిపించగానే స్పైళ్లు పీకేస్తాను. రెడ్ మేపుల్‌కు ఆ దశ ముందే వస్తుంది కాబట్టి దాని స్పైల్ అన్నిటికంటే ముందు తీస్తాను. రంధ్రాలకు బిరడా పెట్టనవసరం లేదు, చెట్టే పూడ్చుకుంటుంది. 2018లో పెట్టిన మొదటి రంధ్రం ఇప్పుడు బెరడు మీద బొడ్డులాంటి చిన్న గుంటగా మిగిలింది. వచ్చే సీజన్‌కు నేను కొనదలచుకున్నవి రెండే: అదనంగా ఒక హైడ్రోమీటర్, ఒక కొత్త ఫెల్ట్ సంచి.